వంకర వరస

మా జావాలో టేకును జాతి అంటారు.
జాతి అంటే నిజమైనదని కూడా.
అడవి జవాన్ని మంత్రి అంటారు, నవ్వకండి,
తుపాకీ ఉన్న మంత్రి, చెప్పుల్లేని మంత్రి.

ఆ మంత్రి నోటనే మా అవ్వ లసినెం
మొదటిసారి విన్నది
పెరటి వెనక చెట్లకు నంబర్లున్నాయని.

అంతకుముందు అడవికి పేర్లుండేవి.
చెవిటివాడి మిట్ట.
పులి నీళ్లు తాగే మలుపు.
మూడు కుండలు పగిలిన దారి.
ఇనుప గొలుసుతో డచ్చి దొరలు కొలుచుకుంటూ వచ్చారు,
చెవిటివాడి మిట్ట
పటంలో నలభై రెండో గడి అయింది.

రైలు పట్టాల కింద పరచడానికి కొంత,
చక్కెర మిల్లుల పొయ్యిల్లోకి కొంత,
ఓడలకెంతో అవ్వకు తెలీదు, ఓడను ఆమె చూడలేదు.
ఎద్దులు దుంగల్ని లూసి ఏటిదాకా ఈడ్చాయి.
ఆ ఏడు ఏరు ఎర్రగా, బురదగా పారిందట.
మరుసటేడు పారనే లేదట.

నేల బోడిగుండయ్యాక నాటమన్నారు.
వరసల మధ్య రెండేళ్లు మొక్కజొన్న వేసుకోండి,
నీడ కమ్మగానే లేచిపోండి.
అవ్వ నాటింది.
వీపున గుడ్డలో మా నాన్న, చేతిలో గునపం.
వాడు నిద్రలో ఎడమకు ఒరిగితే ఆమె ఒరిగేది,
ఆమెతోపాటు వరసా ఒరిగేది.
మేస్త్రీ తిట్టేవాడు,
తాత సొకర్సో ముసలితనం దాకా ఎగతాళి చేశాడు.
మూడు వేల మొక్కలంటుంది అవ్వ.
తాత లెక్కలో రెండు వేలే.
తాను నాటిన నీడే తనను పొమ్మనేదాకా నాటింది.

జాతి కోతకు రావాలంటే ఎనభై ఏళ్లు.
దొర పుస్తకంలో రాసుకున్నాడు,
ఇంకా పుట్టనివాడి పేర అప్పు రాసుకున్నట్టు.

ఒక వానాకాలం మా ఇంటి వెదురు దూలం విరిగింది.
రాత్రికి రాత్రి తాత ఒక దుంగ తెచ్చాడు.
నాలుగో రోజు మంత్రి వచ్చాడు,
కప్పు విప్పి దూలం తీసుకుపోయాడు,
వాన మాత్రం మాకు వదిలేశాడు.

బ్లోరా కచేరీలో అడిగారు:
ఈ కొయ్య ఎవరిది?
కొయ్యది, అన్నది అవ్వ.
పర్మిట్ ఏది?
ఆమె దొర ముందున్న బల్లను అరచేత్తో రుద్ది
చెయ్యి వాసన చూసుకుంది.
ఇది మిట్టకు పడమటి వైపు పెరిగింది.
దీని పర్మిట్ ఏది?

గుమస్తా రాయడం ఆపాడు.
దొరకు ఎవరూ తర్జుమా చెయ్యలేదు.
ఆమెకు పన్నెండు రోజులు, తాతకు నెల.

(ఒకసారి బల్ల అంటుంది, ఒకసారి తలుపు అంటుంది.
నేను సరిదిద్దలేదు ఎప్పుడూ.)

నాకు బుట్ట మోసే వయసొచ్చేసరికి
జెండా రెండుసార్లు మారింది.
గడుల నంబర్లు మారలేదు.
తొలకరికి టేకు పురుగులు ఆకులన్నీ జల్లెడ చేసి
దారాలు పట్టుకు నేలకు జారి
ఎండుటాకుల కింద నిద్రపోయేవి.
ఉప్పూ మిరపా వేసి వేపితే, ఆహా!
వాటికి నంబర్లు వెయ్యడం
ఏ మంత్రికీ చేతకాలేదు.
ఏడాదికి రెండు వారాలు అడవి మాది.
అవ్వ లేత టేకాకు నలిపి నా అరచేతికి రాసేది.
ఎర్రగా, మూడు రోజులు పోయేది కాదు.
పెద్దయ్యాక తెలిసింది,
ఆ ఎరుపు చూసే
మంత్రులు దొంగల్ని పట్టేవారని.

నలభై రెండో గడి వంతు నిరుడు వచ్చింది.
రంపాల రొద తగ్గాక వెళ్లాను.
మొద్దులు ఇంకా తడిగా ఉన్నాయి.
ఒకదాని మీద వలయాలు లెక్కపెట్టబోయి
కరువేళ్ల దగ్గర, గీతలు మరీ సన్నమై, తప్పిపోయాను.
లేచి మొద్దు నుంచి మొద్దుకు నడిచాను.
ఒకటి, రెండు, పది,
తాడు కట్టి నాటినట్టు సూటిగా.
పదకొండో దాని దగ్గర
వరస ఎడమకు ఒరిగింది.

మా నాన్న
అక్కడ నిద్రపోయి ఉంటాడు.